ఆ దారాలు తెంపింది నేనే

మా కాలేజీలో శిలాజాలు పెట్టిన గది ఒకటి ఉంది. కిటికీ పక్కన అద్దాల బీరువా, దాని రెండో అరలో ఒక దవడ ముక్క. జానెడు కంటే తక్కువ పొడవు, ఐదు పళ్ల మొదళ్లు కనిపిస్తాయి. ఆరేళ్లపాటు దాని ముందు ఒక చీటీ ఉండేది. 'దొరికిన చోటు: తెలియదు' అని ఆ చీటీ మీద రాసింది నేను. అది అబద్ధం. దొరికిన చోటు ఆ రాయికే కట్టి ఉండేది. దాన్ని బ్లేడుతో కోసి చెత్తబుట్టలో వేసిందీ నేనే. చోటు గుర్తు పెట్టుకోలేదన్న నింద మాత్రం ఆ రాయిని ఏరి తెచ్చిన మనిషి మీద పడింది. పడుతుంటే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు చెబితే నాకు పోయేదేమీ లేదు కాబట్టే చెబుతున్నానని ఎవరైనా అంటే కాదనలేను. రిటైర్మెంటుకు నాలుగేళ్లుంది. కానీ జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలి.

ఆయన కాశిబుగ్గలో జంపఖానాలు నేసేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. కాలేజీ వార్షికోత్సవానికి స్టేజీ మీద పరిచే జంపఖానా కోసం వాళ్ల ఇంటికి వెళ్లాను. మగ్గం పక్కన మడతలు పెట్టిన జంపఖానాల మీద బరువుకని ఒక రాయి పెట్టి ఉంది. గోధుమ రంగు, ఒక పక్క విరిగిన మొద్దులా ఉంది. నేను జంపఖానా సంగతి వదిలేసి రాయిని చేతిలోకి తీసుకున్నాను.

"ఇదెక్కడిదే అన్నా?"

"గోదారి ఒడ్డుది సార్. కట్టె అనుకొని లేపిన, లేవలే. రాయి అనుకొని ఇడిసిపెడదామంటే మనసొప్పలే. సంచిల ఏసుకొచ్చిన. మా ఇంటామె రోజు తిడ్తాంది, బస్సు చార్జీ పెట్టుకొని రాళ్లు మోసుకొస్తరా అని."

"తిట్టనా మరి? కూరగాయలు తెమ్మంటే రాయి తెచ్చిండు," అని లోపలి నుంచి ఆమె అంది.

నెలకు రెండుసార్లు జంపఖానాల మూట కట్టుకుని పరకాల మీదుగా బస్సులో గోదావరి ఒడ్డు ఊళ్ల వారపు అంగళ్లకు పోయేవాడట. మధ్యాహ్నానికి అమ్మకం అయిపోతుంది, తిరుగు బస్సు సాయంత్రం. మధ్యలో ఉన్న మూడు నాలుగు గంటలు ఒడ్డు వెంట తిరిగేవాడు.

"ఇది కట్టెనే అన్నా. మనుషులు పుట్టకముందటి చెట్టు. మట్టిలో కూరుకుపోయి, లోపలికి నీళ్లు దిగి దిగి రాయి అయిపోయింది," అన్నాను.

ఆయన రాయిని నా చేతిలోంచి తీసుకుని వెలుతురుకు పట్టాడు. చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "గందుకేనా సార్, దీంట్ల పడుగు కనబడ్తాంది?" అన్నాడు. మగ్గం మీద నిలువుగా పోయే పోగులను పడుగు అంటారు. కట్టె గీతలు రాతిలో అలాగే సన్నగా, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. భూగర్భశాస్త్రం చెప్పబట్టి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. ఆ గీతలను చూపించమంటే రాయిని తలకిందులుగా పట్టుకునే పిల్లలనే చూశాను. ఆయన ఎవరూ చూపించకుండానే చూశాడు.

నాకు ఆ రోజు చాలా సంతోషమైంది. ఆ సంతోషంలో గొప్ప కూడా కలిసి ఉందని ఇప్పుడు తెలుస్తోంది. కాలేజీలో నా మాట వినేవాళ్లు తగ్గిపోయిన రోజులవి. మా సబ్జెక్టులో చేరేవాళ్లు ఒక బెంచీకి సరిపోయేంత మంది కూడా లేరు. అలాంటప్పుడు ఒక మనిషి మగ్గం ఆపి, కాళ్లు పెట్టుకునే గుంతలోంచి లేచి వచ్చి, చేతులు కట్టుకుని వింటుంటే నేను ఆగకుండా చెప్పాను. కట్టెను ఎలా పోల్చాలి, ఆకు అచ్చును ఎలా పోల్చాలి, ఎముకను ఎలా పోల్చాలి. ఎముక రాయిగా మారినా దాంట్లో సన్నటి రంధ్రాలు మిగిలి ఉంటాయి, నాలుకకు తగిలిస్తే కొద్దిగా అతుక్కుంటుంది అని కూడా చెప్పాను. చివర గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఒక మాట అన్నాను.

"ఒకటి గుర్తు పెట్టుకో అన్నా. రాయి కంటే అది దొరికిన చోటు ముఖ్యం. ఏ ఒడ్డు, ఎంత ఎత్తులో, మట్టిలో ఇరుక్కుని ఉన్నదా, నీళ్లకు కొట్టుకొచ్చి పడి ఉన్నదా. అది తెలియకపోతే ఎంత మంచి శిలాజమైనా ఉత్త రాయే."

ఈ మాట నేను ఏటా మొదటి క్లాసులో చెబుతాను. పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో రాస్తారు, మరచిపోతారు. ఆయన మరచిపోలేదు.

ఆ తర్వాత రెండేళ్లు దాదాపు ప్రతి నెలా ఒక ఆదివారం మా ఇంటికి వచ్చేవాడు. భుజానికి గుడ్డసంచి. సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి మా వరండా గట్టు మీద వరసగా పెట్టేవాడు. మొదట్లో తెచ్చినవన్నీ తప్పులే. పాత కొలిమిలో మిగిలిన ఇనుప చిట్టెం తెచ్చి ఎముక అన్నాడు. గుండ్రటి సున్నపు గడ్డలు తెచ్చి గుడ్లు అన్నాడు. ఒకసారి పగిలిన రోలు ముక్క తెచ్చాడు. అది రోలని నేను చెప్పగానే మా ఆవిడ నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లింది.

"ఇగో సార్, దీంట్ల చెట్టే ఉన్నది. కొమ్మలు సుత కనబడ్తానయ్," అని ఒకసారి ఒక పలక ముందు పెట్టాడు. నిజంగానే నల్లగా, కొమ్మలు కొమ్మలుగా ఉంది.

"అది చెట్టు కాదన్నా. రాతి సందులో నీళ్లు పోయి వదిలిన మరక. కొత్తవాళ్లందరూ దీని దగ్గరే మోసపోతారు."

"మరకనా? గింత సక్కగనా?" ఆయన మొహం చిన్నబోయింది. "అయితే నీళ్లకు సుత బొమ్మలేసుడు వస్తది."

ఆరు నెలలు గడిచేసరికి తప్పులు తగ్గాయి. నాలుక ఆకారంలో, మధ్య ఈనెతో, వల లాంటి సన్నటి ఈనెలతో ఉన్న ఆకు అచ్చు ఒకటి తెచ్చాడు. మా కాలేజీలో ఉన్న దానికంటే స్పష్టంగా ఉంది. ఆ ఆదివారం నేను మాట్లాడలేదు, ఆయనే చెప్పాడు. ఇది మరక కాదు ఎందుకంటే ఈనె ఉబ్బెత్తుగా వేలికి తగులుతోంది అన్నాడు. నిజమే.

అదే రోజుల్లో తెచ్చే రాళ్లకు దారాలు కట్టి తెచ్చేవాడు. ఒక్కో రాయికి ఒక్కో దారం. మగ్గం దగ్గర మిగిలిపోయిన తుంపులు. నీలం, ఎరుపు, ఆకుపచ్చ. కొన్నిటికి ముడులు ఉండేవి, కొన్నిటికి లేవు. మగ్గం మనిషి కదా, దేని మీద చెయ్యి పడితే దానికి దారం చుడతాడనుకున్నాను. ఒకసారి ఆయన ఒక దారం పట్టుకుని, "సార్, ఇగో దీని సంగతి ఏందంటే..." అని మొదలుపెట్టాడు. నా ఫోన్ మోగింది. ప్రిన్సిపాల్. మాట్లాడుతూ పెరట్లోకి వెళ్లాను, చాలాసేపు మాట్లాడాను. తిరిగి వచ్చేసరికి ఆయన సంచి సర్దుకుని నిలబడి ఉన్నాడు. "మల్ల చెప్త‌ సార్," అన్నాడు. నేను మళ్లీ అడగలేదు.

ఆ రెండో ఏడాది చివర్లో కాలేజీకి తనిఖీ కమిటీ వస్తుందన్నారు. మా విభాగం ఉంచాలా ఎత్తేయాలా అనేది ఆ కమిటీ చూసి వెళ్లాక తేలుతుందని స్టాఫ్ రూములో అనుకున్నారు. ఎత్తేస్తే నేను మిగిలిన ఉద్యోగమంతా ఎవరికీ అక్కరలేని పేపరేదో చెప్పుకుంటూ గడపాలి. మా బీరువా చూస్తే సగం ఖాళీ. ఉన్నవాటి మీద దుమ్ము. నాకు ఆయన రాళ్లు గుర్తొచ్చాయి.

కమిటీ వచ్చే ముందు రోజు పొద్దున కాశిబుగ్గ వెళ్లాను. ఆయన అంగడికి పోయాడు. ఇంటామె మంచం కింద నుంచి రెండు గోనె సంచులు బయటకు లాగింది. "కొండవోండ్రి సార్, ఇల్లు జర ఖాళీ అయితది. ఆయన సుత మీకే ఇయ్యాలంటాండు," అంది. ఆటోలో వేసుకుని కాలేజీకి తెచ్చాను. యాభై దాకా ఉన్నాయి.

మా అటెండర్ ఆ రోజు సెలవు. ఆ మధ్యాహ్నం నేనొక్కడినే ప్రయోగశాలలో స్టూలు మీద కూర్చుని ఆ దారాలన్నీ బ్లేడుతో కోశాను. ముడులు గట్టిగా ఉన్నాయి, విప్పడానికి ఓపిక లేదు. నల్లా కింద రాళ్లు కడిగాను. ఆరబెట్టి మెరుపు కోసం వార్నిష్ పూశాను. నంబర్లు అంటించి, కట్టెలు ఒక అరలో, ఆకులు ఒక అరలో, తెలియనివి కట్టెల పక్కన పెట్టాను. బుట్ట నిండా రంగు రంగుల దారాలు. చూడ్డానికి బాగున్నాయని కూడా అనుకున్నాను. సాయంత్రం ఊడ్చే ఆమె తీసుకుపోయింది.

కమిటీ వచ్చింది. బీరువా ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నారు. మా విభాగం ఉండిపోయింది. ఇదంతా మీ సేకరణేనా అని ఒకాయన అడిగితే, 'మా ప్రాంతంలోనిదే' అన్నాను. అడిగినదానికి అది జవాబు కాదని ఆయనకు తట్టలేదు.

నాలుగు రోజుల తర్వాత కాశిబుగ్గ నుంచి ఆయన కాలేజీకి వచ్చాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. తన రాళ్లను అద్దాల వెనక చూడ్డానికి వచ్చాడు. బీరువా ముందు వంగి ఒక్కో అర చూశాడు. మొదట మొహం విప్పారింది. తర్వాత ఇంకా దగ్గరకు వంగాడు.

"సార్, దారాలేవి?"

"ఏ దారాలన్నా? అవా, మురికిగా ఉంటే తీసేసిన."

ఆయన చెయ్యి అద్దం మీదే ఉంది.

"ఎక్కడున్నయ్ సార్?"

"పారేసిన. ఏం, ఎందుకు?"

అప్పుడు చెప్పాడు. నీలం దారమంటే అంగడి ఊరి రేవు. ఎరుపంటే వాగు వచ్చి గోదావరిలో కలిసే మలుపు. ఆకుపచ్చంటే దానికి ఎగువన ఉన్న ఎత్తు గడ్డ. గడ్డలో ఇరుక్కుని ఉన్న రాయైతే నీళ్ల నుంచి ఎన్ని మూరల ఎత్తున ఉందో అన్ని ముడులు. ముడి లేకపోతే కొట్టుకొచ్చి కింద పడి ఉన్నది. "నాకు రాసుడు రాదు కద సార్, సంతకం ఒక్కటే వచ్చు. మీరేమో చోటు ముఖ్యమంటిరి. గందుకని ఏ రాయికి ఆ రాయికి ఆడనే ఒడ్డు మీద కూసుండి కట్టిన," అన్నాడు.

నా పాఠాన్ని నా విద్యార్థులందరికంటే బాగా నేర్చుకున్నవాడు ఆయన. ఆ సంగతి నాకు తెలిసేసరికి ఆయన రాసుకున్న పుస్తకాన్ని నేను చింపి పారేసి ఐదు రోజులైంది.

అప్పుడైనా తప్పయిందని ఒక మాట అనాల్సింది. నేనేమన్నానో చెబుతాను. "ఇంత సంగతి ముందే చెప్పాలి కదన్నా!" అన్నాను, విసుగ్గా.

"చెప్పబోయిన సార్. మీకు ఫోనొచ్చె," అన్నాడు. మాటలో కోపం లేదు.

కొన్ని రాళ్ల చోట్లు ఆయనకు గుర్తున్నాయి. ఆకు అచ్చులవి, పెద్ద మొద్దుది. మిగిలినవి కడిగి వార్నిష్ పూశాక ఆయనే పోల్చుకోలేకపోయాడు. మట్టి రంగు కూడా పోయింది. సరేలే, అన్నీ గోదావరివే కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

అక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ని కాదు.

ఆ ఎండాకాలం మా పాత సహోద్యోగి ఒకరు బీరువా ఫొటోలు హైదరాబాదులో ఉన్న ఒక శాస్త్రవేత్తకు పంపాడు. ఆమె మర్నాడే ఫోన్ చేసింది, వారంలో వచ్చింది. కట్టెల అరలోంచి ఒక ముక్క తీయించి, కిటికీ దగ్గర భూతద్దంతో చూసింది. ఒక మూల వార్నిష్ గీకింది. తర్వాత ఎవరి వైపూ చూడకుండా, "ఇది కట్టె కాదండీ, దవడ. ఇవి పళ్ల మొదళ్లు. ఏదో పాకే జంతువు, చాలా పాతది. ఇలాంటిది నేను ఈ వైపు చూడలేదు," అంది.

ఆ ముక్క నాకు బాగా గుర్తుంది. తెచ్చిన ఆదివారం ఆయనే అన్నాడు, "సార్, దీంట్ల పడుగు లేదు. సన్న బొక్కల జాలి లెక్క ఉన్నది. నాలుకకు సుత అతుక్కుంటాంది," అని. నేనప్పుడు ఇద్దరు లెక్చరర్లతో వరండాలో చాయ్ తాగుతున్నాను. "నీ నాలుక మీద పాన్ జిగురున్నదేమో చూసుకో అన్నా," అన్నాను. ముగ్గురం నవ్వాం. ఆయన కూడా నవ్వాడు.

ఆయనకు కబురు పంపారు. ప్రిన్సిపాల్ గదిలో కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. శాస్త్రవేత్త ఎంతో మర్యాదగా అడిగింది. "మీ కన్ను చాలా గొప్పదండీ. ఇది సరిగ్గా ఎక్కడ దొరికిందో చెబితే మిగతా భాగం కూడా అక్కడే ఉండొచ్చు. తలకాయే ఉండొచ్చు. గడ్డలో ఉందా, కింద పడి ఉందా?"

ఆయన నా వైపు చూశాడు. నేను చెబుతానని చూశాడు. అడిగే చూపు కాదు, నిందించే చూపు కూడా కాదు. దారాల సంగతి సార్‌కు తెలుసు కాబట్టి సారే చెబుతారు అన్న నమ్మకం అది. ప్రిన్సిపాల్ ఉన్నారు. నన్ను మేడం అనుభవమున్న మనిషిగా చూస్తోంది. చోటు ముఖ్యమని ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నవాణ్ని.

"ఆయనకు గుర్తు లేదు మేడం," అన్నాను. "కొత్త కదా. అన్నీ ఒకటే సంచిలో వేసుకొచ్చాడు. రాసి పెట్టుకోవాలని తెలియదు."

ఆయన తల దించుకున్నాడు. కాదనలేదు. నేను సార్‌ని కదా.

"మూడు జాగలు సార్. మూడిట్ల ఏదో ఒకటి," అన్నాడు చివరికి, నేలను చూస్తూ.

మర్నాడు శాస్త్రవేత్త ఆయనను వెంటబెట్టుకుని వెళ్లింది. మూడు చోట్లు కలిపితే మైళ్ల పొడవు ఒడ్డు. ఒక్కరోజులో ఏం దొరుకుతుంది? పోతూ పోతూ నాతో, "పాపం మంచి మనిషి. ఒక నోట్‌బుక్ ఇచ్చి నేర్పండి," అంది. నేను తల ఊపాను. ఆమె రాసిన నివేదికలో దవడ గురించి నాలుగు వాక్యాలే ఉన్నాయి. దొరికిన చోటు తెలియనందున అంతకుమించి చెప్పలేమని చివరి వాక్యం. ఆ వాక్యాన్ని చీటీ మీదకు దించింది నేను.

స్టాఫ్ రూములో ఒకతను, "చోటే చెప్పలేకపోయిండంటే ఎక్కడో కొన్నడేమో సార్," అన్నాడు, సరదాగానే. ఆ మాట వారంలో కాశిబుగ్గ చేరింది. హోటల్ దగ్గర ఆయనను 'రాళ్ల సార్' అని పిలవడం మొదలుపెట్టారు. "ఏం రాళ్ల సార్, ఇయ్యాల ఏం కొన్నవ్? ఏనుగు కాలా, పులి తోకనా?" అనేవాళ్లని తర్వాత తెలిసింది. ఆదివారాలు మా ఇంటికి రావడం మానేశాడు. నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి ఎలాంటిదో రాయడానికి మంచి మాట దొరకడం లేదు. చెడ్డ మాట చాలు. పిరికితనం.

ఆరేళ్లలో నేను చాలాసార్లు కళ్లు మూసుకుని ఆ మధ్యాహ్నాన్ని గుర్తు చేసుకోవాలని చూశాను. స్టూలు మీద కూర్చున్నాను, ఎడమ చేతిలో ఆ ముక్క ఉంది, కుడి చేతిలో బ్లేడు. దారం కోశాను. ఏ రంగు? ఒక్కోసారి ఎరుపనిపిస్తుంది. మర్నాటికి ఆకుపచ్చ అనిపిస్తుంది. ముడులు ఉన్నట్టే గుర్తు, వేలికి గట్టిగా తగిలినట్టు. ఎన్ని? తెలియదు. నా చేత్తో కోసినదే నాకు గుర్తు లేదు, ఆయనకు గుర్తు లేదని చెప్పాను.

పోయిన మిర్చి సీజన్లో పరకాల నుంచి మా బామ్మర్ది మిర్చి బస్తాలతో వస్తే తోడుగా ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లాను. యార్డంతా ఎర్రగా ఉంది, తుమ్ములు, దగ్గులు. ఒక షెడ్డు కింద కొందరు కూర్చుని దబ్బనంతో బస్తాల మూతులు కుడుతున్నారు. అందులో ఒకాయన ముక్కుకు తువ్వాల కట్టుకుని ఉన్నాడు. కుట్టే తీరు చూసి ఆగాను. ప్రతి బస్తా చివర దారాన్ని రెండుసార్లు మెలేసి ముడి బిగిస్తున్నాడు. ఆ ముడి నాకు తెలుసు. అలాంటివి యాభై దాకా కోశాను.

ఆయన తలెత్తి, తువ్వాల కిందికి లాగి నవ్వాడు. "సార్! బాగున్నరా? సన్నవడ్డరు."

"బాగున్న అన్నా. నువ్వేంది, ఇక్కడ?"

"మగ్గం ఆగి మూడేండ్లాయె. జంపఖానాలు ఎవలు కొంటాన్రు? ఈడ సీజన్ల పని ఉంటది." దగ్గి, కాస్త ఆగి, "సార్, దవుడ బాగున్నదా?" అన్నాడు.

దవాఖానలో ఉన్న చుట్టం గురించి అడిగినట్టు అడిగాడు.

"ఉన్నది," అన్నాను.

"ఏడాది తిరిగిన సార్ నేను. అంగడి లేకున్నా పోయిన. మిగిలిన సగం దొరికితే చోటు తెలుస్తది గద, కొనుక్కరాలేదని తెలుస్తది గద అని. ఎర్ర దారం జాగ అంత ఎతికిన, పచ్చ దారం జాగ సగం ఎతికిన. ఇగ అంతల కింద గోదారికి అడ్డం కట్ట కట్టిరి, నీళ్లు మీదికొచ్చె. ఇప్పుడు మూడు జాగలు నీళ్లల్లనే ఉన్నయ్."

అక్కడే, బస్తాల మధ్య, నేను గొంతుక్కూర్చున్నాను. ఆయనకు మాత్రమే వినిపించేలా చెప్పాను. తప్పు నాది, ఆ రోజు మేడం ముందు నేను అబద్ధమాడిన, ఆరేళ్లుగా నిద్ర లేదు అని. ఆ చివరి ముక్క కూడా పూర్తిగా నిజం కాదు. చాలా రాత్రులు బాగానే పడుకున్నాను.

ఆయన దబ్బనం ఆపలేదు. ఆ బస్తా మూతి పూర్తి చేసి ముడి బిగించాక అన్నాడు.

"నాకెందుకు చెప్తానవ్ సార్? నాకు ఎరుకే గద. ఎరుక లేనోళ్లకు చెప్పు."

అన్నేళ్లలో ఆయన నన్ను మీరు అనకపోవడం అదే మొదటిసారి.

ఆ వారమే శాస్త్రవేత్తకు రాశాను. దారాలు, రంగులు, ముడులు, బ్లేడు, చెత్తబుట్ట, ప్రిన్సిపాల్ గదిలో నా అబద్ధం, అన్నీ. పది రోజులకు రెండు వాక్యాల జవాబు వచ్చింది. నివేదికలో సవరణ రాస్తానంది. అలా చోటు గుర్తుపెట్టుకునే పద్ధతిని తాను ఇంతవరకూ వినలేదని, అది పోయినందుకు దవడ దొరికిన చోటు పోయినంత బాధగా ఉందని రాసింది. నా గురించి ఏమీ రాయలేదు.

స్టాఫ్ రూములో చెప్పాను. అప్పట్లో జోకు వేసినతను, "ఇప్పుడెందుకు సార్ ఇదంతా, ఎవరికి గుర్తుంది?" అన్నాడు. నిజమే, ఎవరికీ గుర్తు లేదు. చీటీ మార్చాను. 'సేకరించినది కాశిబుగ్గ నేత కార్మికుడు. దొరికిన చోటును రంగు దారంతో, ముడులతో గుర్తు పెట్టాడు. ఆ దారాన్ని ఈ విభాగం లెక్చరర్ కోసి పారేశాడు.' ప్రిన్సిపాల్ చూసి చివరి వాక్యం తీసేయమన్నారు. తీయలేదు. ఇంతవరకైతే ఉంది.

ఇక మిగిలింది కాశిబుగ్గ. ఒక ఆదివారం పొద్దున ఆయన చాయ్ తాగే హోటల్‌కు వెళ్లాను. ఆయన ఎప్పటిలా బయటి బెంచీ మీద ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. చుట్టూ ఏడెనిమిది మంది. అప్పట్లో ఎక్కువ వెక్కిరించినవాళ్లలో ఒకతను చనిపోయాడట, ఇంకొకతను ఊళ్లో లేడు. ఉన్నవాళ్లలో ఒకాయన నన్ను గుర్తుపట్టి, "ఓ రాళ్ల సార్, మీ పెద్ద సార్ వచ్చిండు. రాళ్లు ఏమన్న అమ్ముతవేమో అడుగు," అన్నాడు. కొందరు నవ్వారు. ఆయన చాయ్ గ్లాసులోకి చూస్తున్నాడు.

నేను కూర్చోలేదు. క్లాసులో పాఠం చెప్పే గొంతు తెచ్చుకోవాలని చూస్తే అది రాలేదు.

"జర అందరు వినుండ్రి," అన్నాను. "ఆ దవుడ ఈయన కొన్నది కాదు. గోదారి ఒడ్డున ఏరిండు. ఏ జాగల దొరికిందో రాయికి దారం కట్టి తెచ్చిండు, ముడులేసి మరీ తెచ్చిండు. కాలేజీల నేను ఆ దారం తెంపి పారేసిన. హైదరాబాదు మేడం అడిగితే ఈయనకే గుర్తు లేదని అబద్ధం చెప్పిన. అది ఎముకని మొదలు చెప్పింది సుత ఈయనే, నేను నవ్విన."

వెక్కిరించిన ఆయన గ్లాసు కింద పెట్టాడు. "అంటే... కొన్నది కాదా?" అన్నాడు.

"కాదు," అన్నాను. తర్వాత బెంచీ వైపు తిరిగాను. ఆయన ఇంకా తల ఎత్తలేదు.

"అన్నా, నీ చోటు పోగొట్టింది నేను. నీ పేరు పోగొట్టింది నేను. మల్ల తెచ్చియ్య నాతోని కాదు. నువ్వు అన్నట్టే ఎరుక లేనోళ్ల ముందట చెప్తాన్న. తప్పు నాదే. నన్ను మాఫ్ చెయ్యే అన్నా."